ఒక చీర, ఇద్దరు అవ్వలు: ఇంటి ఆడవాళ్ళ చరిత్రను కథగా రాయడంలో అపోహలు - వాస్తవాలు

నేను ఒడిశాలోని బరంపురంలో ఉంటూ తెలుగులో చారిత్రక కథలు రాస్తాను. రాజులూ యుద్ధాలూ నా వల్ల కాదు. నేసినవాళ్ళు, పాడినవాళ్ళు, ఆ పనిని కూతుళ్ళ చేతికి అందించినవాళ్ళు, వీళ్ళే నా పాత్రలు. "మా అమ్మమ్మ కథ రాయండి, అంతా రెడీగా ఉంది" అని నెలకొకరైనా అంటారు. అలా రెడీగా ఉన్న కథతోనే నేనూ బోల్తా పడ్డాను.

అపోహ: ఇంట్లో చెప్పుకునేది చెప్పుకున్నట్టు రాస్తే చారిత్రక కథ అయిపోతుంది.

మా నాన్నగారి వైపు వాళ్ళది పర్లాకిమిడి. మామ్మ ట్రంకుపెట్టెలో అంచున కుంభాలు తీర్చిన బరంపురం పట్టుచీర ఒకటి ఉండేది. దాని గురించి ఎప్పుడు అడిగినా ఒకటే మాట. "మా అవ్వది. నఅంక కరువులో పుట్టింది. పదమూడేళ్ళ పిల్లప్పుడు ఈ చీర కట్టుకుని, నౌపడలో పొగబండెక్కి కాపురానికొచ్చింది."

ఆ మాట పట్టుకుని మూడు అధ్యాయాలు రాసేశాను. ఏళ్ళు లెక్కపెట్టింది ఆ తర్వాత.

నఅంకలోని అంకం అంటే పూరీ రాజు గజపతి పాలన ఏళ్ళు లెక్కపెట్టే పద్ధతి. అందులో ఒకటి ఉండదు. ఆరుతోనో సున్నాతోనో ముగిసే అంకెలన్నీ వదిలేస్తారు, ఒక్క పదిని మాత్రం ఉంచుతారు. రెండు, మూడు, నాలుగు, అయిదు, ఏడు, ఎనిమిది, తొమ్మిది అని వేళ్ళు ముడవండి. తొమ్మిదో అంకం వచ్చేసరికి నిజంగా గడిచేది ఏడో ఏడు. ఒడియాలో 'న' అంటే తొమ్మిది. అప్పటి గజపతి దివ్యసింహదేవుడు గద్దెనెక్కింది 1859లో. ఏడో ఏడంటే 1866 నాటి మహా కరువు. నేను అమాయకంగా తొమ్మిది కలిపి 1868 అని రాసుకున్నాను. సరే, రెండేళ్ళ తేడా, సర్దుకోవచ్చు.

పొగబండితో మాత్రం సర్దుకోవడం కుదరలేదు. నౌపడ నుంచి పర్లాకిమిడికి ఆ చిన్న రైలు నడిచింది 1900 నుంచి. కరువులో పుట్టిన పిల్లకు అప్పటికి ముప్పై నాలుగేళ్ళు!

వాస్తవం: మామ్మ అబద్ధమాడలేదు. మా ఇల్లు ఇద్దరు ఆడవాళ్ళను కలిపి ఒకే మనిషిని చేసుకుంది. కరువులో పుట్టినావిడ తల్లి, రైలెక్కిన పిల్ల ఆవిడ కూతురు. నడుమ ఒక తరం మాయమైంది, ఎవరికీ లోటు కూడా తెలియలేదు. మూడు అధ్యాయాలూ పక్కన పడేశాను. ఏడుపొచ్చింది గానీ, నాకు అసలు నవల దొరికింది అక్కడే.

అపోహ: మగ్గం మగవాళ్ళది, కాబట్టి నేత కథలో హీరో మగవాడే.

బరంపురం పట్టు తెలుగునాడు నుంచి వచ్చి స్థిరపడిన దేవాంగుల చేతిపని. ఇక్కడ వాళ్ళను దేరా అంటారు. ఈ చీరకు 2012లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మగ్గం గుంటలో కూర్చున్న మనిషి అందరికీ కనిపిస్తాడు, ఫొటోలోనూ ఆయనే ఉంటాడు. పట్టుదారం తోడి, రాట్నం మీద కండెలు చుట్టి, తెగిన పోగులు అతికే చేతులు వసారాలో ఉంటాయి. దారం చుట్టిన కండె అందకపోతే మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడె ఆగుతుంది, అంతే. కూలి లెక్క మాత్రం చీరకే కట్టేవారు, కండెకు కాదు.

ఈ వీధుల్లో నాకు బాగా నచ్చే సంగతి ఇంకోటి ఉంది. రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణి యాత్రలో ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణి, దేరాల కులపెద్ద ఉండే దేశిబెహరా వీధికి వస్తుంది. అది ఆవిడకు పుట్టిల్లు. అమ్మవారంతటిది నేతగాళ్ళ ఇంటి ఆడపడుచుగా వస్తుంటే, వాళ్ళ నేతను మగవాళ్ళ కథగా రాయడానికి నాకు చెయ్యాడదు.

అపోహ: పాత కాగితాల్లో ఆడవాళ్ళ పేర్లు దొరకవు.

దొరుకుతాయి, ఎక్కడ వెతుకుతున్నామన్నదే ముఖ్యం. మాన్యం భూముల హక్కులు తేల్చడానికి 1858లో మొదలైన మద్రాసు ఇనాం కమిషన్ రిజిస్టర్లలో గుడిసేవ మాన్యాలు అనుభవించిన దేవదాసీలు ఉన్నారు. కళావంతుల, అంటే ఆ దేవదాసీల ఇళ్ళలో ఆస్తి తల్లి నుంచి కూతురికి వెళ్ళేది కాబట్టి పేర్లు మిగిలాయి. తంజావూరు ఆస్థానంలో ఉన్న దేవదాసీ కవయిత్రి ముద్దుపళని తన కావ్యంలో తన అమ్మమ్మలనూ తల్లులనూ దర్జాగా చెప్పుకుంది. తర్వాత వచ్చిన అచ్చు ప్రతిలో ఆ భాగం ఎగిరిపోతే, 1910లో బెంగళూరు నాగరత్నమ్మ పూర్తి పాఠాన్ని వేయించింది. సర్కారు నిషేధించింది, 1947లో గానీ ఎత్తేయలేదు. తమాషా ఏమిటంటే, లోకం చిన్నచూపు చూసిన ఇళ్ళలో ఆడవాళ్ళ వంశవృక్షం మిగిలింది. మాలాంటి 'మర్యాదస్తుల' దస్తావేజుల్లో మాత్రం ఫలానా వారి భార్య, కింద నిశాని.

దస్తావేజు తేదీ ఫసలీలో, అంటే పాత శిస్తు లెక్కల సంవత్సరంలో ఉంటే, ఇంగ్లీషు ఏడు కోసం 590 కలపండి. ఫసలీ సంవత్సరం జూలైలో మొదలవుతుంది, అదీ గుర్తుంచుకోండి.

అపోహ: మద్రాసులో వచ్చిన చట్టం తెలుగువాళ్ళందరికీ వర్తించింది.

ఈ తప్పు చాలా రాతప్రతుల్లో చూశాను. దేవదాసీ సమర్పణను నిషేధించిన మద్రాసు చట్టం 1947 నాటిది. బరంపురం, పర్లాకిమిడి 1936 ఏప్రిల్ 1నే మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో కలిశాయి. మీ నాయిక బరంపురంలో ఉంటే ఆ చట్టం ఆమె గుమ్మం తొక్కదు.

అపోహ: పాతకాలం మనుషులు గ్రాంథికం మాట్లాడేవారు.

వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పోరాడింది పర్లాకిమిడిలో ఉంటూనే. ఆ ఊరి పాత్రల చేత "పోయెదను, వచ్చెదను" అనిపించకండి. ఆయనకది పగవాళ్ళు కూడా చెయ్యని ద్రోహం.

అపోహ: పేరు దొరక్కపోతే ఒకటి పెట్టేసుకోవచ్చు, కథే కదా.

పెట్టుకోవచ్చు, చాలామంది పెడతారు, తప్పేం లేదు. నేనూ రెండు మూడు పేర్లు రాసి చూశాను, ఏదీ అతకలేదు. కరువులో పుట్టిన ఆవిడ పేరు మామ్మకూ తెలియదు, కాగితంలోనూ లేదు. ఆ రోజుల్లో ఇంటి కోడలిని పుట్టింటి ఊరిపేరుతో పిలవడం మామూలే. నా నవలలో అందరూ ఆవిడను "ఇచ్ఛాపురప్పిల్ల" అని మొదలుపెట్టి, నడివయసులో "ఇచ్ఛాపురమామె" అని, చివరికి "ఇచ్ఛాపురం అవ్వ" అని పిలుస్తారు. ఒక్క కూతురు మాత్రం రైలెక్కబోతూ "అమ్మా" అంటుంది.