ఏఎన్‌ఎం చేతిలోంచి పురుడు ఎలా పోయింది

సిజేరియన్ల గొడవ మళ్లీ మొదలైంది. ప్రైవేటు ఆసుపత్రులు డబ్బుల కోసం కోసేస్తున్నాయని ఒకరు అంటున్నారు. నొప్పులు పడలేమని, పంతులు పెట్టిన టైముకే బిడ్డను తీయమని ఇంట్లోవాళ్లే అడుగుతున్నారని ఇంకొకరు. ఈ కేకల మధ్య మూడో గొంతు ఒకటి సన్నగా వినిపిస్తోంది, అది మిడ్‌వైఫ్‌ది, అంటే కాన్పులు చేయడానికి ప్రత్యేక శిక్షణ పొందిన నర్సుది. మామూలు కాన్పులు మాకు వదిలేయండి, తేడా కనిపిస్తే డాక్టరును మేమే పిలుస్తాం అని వాళ్లు అడుగుతున్నారు. ఆ తేడా వచ్చాక కేసు ఎవరి మీద పడుతుందని డాక్టర్లు అడుగుతున్నారు.

మంత్రసానుల కాలం గురించి, కొడవలితో బొడ్డు కోసిన కథల గురించి అందరికీ తెలుసు. ఇప్పుడు ఆసుపత్రి కాన్పులు తెలంగాణలో 97 శాతమన్న సంగతీ తెలిసిందే. ఈ రెండింటి మధ్య ఏం జరిగిందో మాత్రం ఎవరూ చెప్పరు. మంత్రసాని పోయి డాక్టరు వచ్చిందన్నట్టుగా మాట్లాడేస్తాం. నిజానికి మంత్రసాని తర్వాత ఊళ్లోకి వచ్చింది డాక్టరు కాదు, ఏఎన్‌ఎం. మన నర్సమ్మ.

ఏఎన్‌ఎం అంటే ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్. పేరులోనే పని ఉంది. 1951లో పంజాబ్‌లోని తరన్ తారన్‌లో ఒక మిషన్ ఆసుపత్రి ఈ కోర్సు మొదలుపెట్టింది, తర్వాత దేశమంతా పాకింది. రెండేళ్ల శిక్షణ. ఊరూరా తిరిగి గర్భిణులను చూడటం, ఇంటికెళ్లి పురుడు పోయడం, కష్టమైన కేసును ముందే పసిగట్టి పెద్దాసుపత్రికి పంపడం ఆమె ఉద్యోగం. డాక్టరు లేని చోట చదువుకున్న మంత్రసాని అన్నమాట.

మా పెద్దమ్మ ఆ పాత రెండేళ్ల కోర్సు చదివింది. ఆమె అల్యూమినియం పెట్టె ఇంకా అటక మీదే ఉంది. అందులో కొయ్య గొట్టం ఒకటుంది. వెడల్పు వైపు గర్భిణి పొట్టకు ఆనించి, రెండో వైపు చెవి పెట్టి బిడ్డ గుండె చప్పుడు లెక్కపెట్టేవారు. ఒక కిడ్నీ ట్రే, తూకం కొక్కెం, అట్టలు ఊడిపోయిన నోటు పుస్తకాలు కూడా ఉన్నాయి. మొదటి పుస్తకాల నిండా కాన్పులే. ఎవరి భార్య, ఎన్నో కాన్పు, నొప్పులు ఎప్పుడు మొదలు, మాయ ఎప్పుడు పడింది, బిడ్డ బరువెంత. తర్వాతి పుస్తకాల్లో గళ్లు మారిపోయాయి. ఎంతమంది పిల్లలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు ఒప్పుకుందా, ఏ క్యాంపుకు తీసుకెళ్లాలి.

ఆ గళ్లు మారడం వెనక ఒక కమిటీ ఉంది. 1973లో కర్తార్ సింగ్ కమిటీ తన నివేదిక ఇచ్చింది. మలేరియాకు ఒకడు, టీకాలకు ఒకడు, కాన్పులకు ఒకామె అంటూ ఒక్కో పనికి ఒక్కో ఉద్యోగి ఎందుకు, అందరినీ కలిపి మల్టీపర్పస్ వర్కర్లను చేసేయమని దాని సారాంశం. ఏఎన్‌ఎం ఫిమేల్ హెల్త్ వర్కర్ అయింది. మన దగ్గర కాగితాల మీద ఎంపీహెచ్‌ఏ (మల్టీపర్పస్ హెల్త్ అసిస్టెంట్) ఫిమేల్ అని రాసేది అందుకే. 1977లో శిక్షణను రెండేళ్ల నుంచి ఏడాదిన్నరకు కుదించారు. తగ్గినవాటిలో ప్రసూతి పాఠాలు, లేబర్ రూం ప్రాక్టికల్స్ ఉన్నాయి.

కమిటీ ఉద్దేశం చెడ్డదని కాదు. ఒక ఇంటికి నలుగురు సర్కారు మనుషులు నాలుగు రిజిస్టర్లతో రావడం వృథాయే. అమలైన సమయమే దెబ్బకొట్టింది. ఎమర్జెన్సీలో మగవాళ్లకు బలవంతపు ఆపరేషన్లు చేయడం, 1977 ఎన్నికల్లో ప్రభుత్వమే ఓడిపోవడం జరిగాక వేసెక్టమీ ఊసెత్తడానికి పార్టీలు జంకాయి. కుటుంబ నియంత్రణ భారమంతా ఆడవాళ్ల మీదికి మళ్లింది. ఆడవాళ్లను క్యాంపుకు తీసుకొచ్చే పని ఇంటింటికీ వెళ్లే ఏఎన్‌ఎం మీద పడింది. అన్ని పనులూ చేయాల్సిన మనిషిని అధికారులు నెలాఖరున అడిగేది ఒక్కటే, ఎన్ని కేసులు తెచ్చావని. కాన్పులు ఎన్ని చేశావని అడిగినవాళ్లు లేరు. పురుటి దగ్గర రాత్రంతా కూర్చుంటే పొద్దున క్యాంపు తప్పిపోతుంది, మెమో వస్తుంది. పెద్దమ్మ తర్వాత వచ్చిన ఏడాదిన్నర కోర్సు అమ్మాయిలు కాన్పు కేసు వస్తే ఆమె కోసం మనిషిని పంపేవారట. చేతకాక కాదు, శిక్షణలో పట్టుమని పది కాన్పులు కూడా చూడనివ్వలేదని ఆమె ఇప్పటికీ వాళ్లనే వెనకేసుకొస్తుంది.

ఫలితం సర్వేల్లో కనిపిస్తుంది. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 63 శాతం మందికి ట్యూబెక్టమీ, అంటే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, అయిపోయి ఉంది. దేశంలో అదే ఎక్కువ. 1996లో కేంద్రం టార్గెట్లు ఎత్తేసింది, కాకపోతే అప్పటికి ఒక తరం నర్సమ్మలు పురుడు పోయడం మర్చిపోయారు.

కాబట్టి 2005లో జననీ సురక్ష యోజన వచ్చేనాటికి ఊళ్లో శిక్షణ ఉన్న మిడ్‌వైఫ్ లేదు. ఆసుపత్రికొస్తే డబ్బులు, తోడొచ్చిన ఆశాకు కొంత. అదే ఏడాది ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైంది. ఫోన్ కొడితే బండి వస్తుంది. తల్లుల మరణాలు తగ్గడంలో వీటి పాత్రను ఎవరూ కాదనలేరు. 2018-20 లెక్కల్లో తెలంగాణలో లక్ష కాన్పులకు 43 మరణాలు, ఆంధ్రప్రదేశ్‌లో 45. దేశ సగటు 97. కాన్పు డాక్టరు చేతిలోనే ఉండాలన్న డాక్టర్ల వాదనకు ఇదే పెద్ద బలం, అందులో తప్పుపట్టడానికేం లేదు.

అయితే బండి దిగాక ఎదురయ్యేది ఎవరు? సర్కారు దవాఖానాలో ఒకే సమయంలో నలుగురైదుగురిని చూసుకునే స్టాఫ్ నర్సు. ప్రైవేటులో, రాత్రి రెండింటిదాకా నొప్పుల కోసం కాచుక్కూర్చునే ఓపిక, సిబ్బంది లేని నర్సింగ్ హోం. ఉమ్మనీరు తగ్గిందంటారు, పేగు మెడకు చుట్టుకుందంటారు. మా వదినకూ ఈ రెండో మాటే చెప్పారు. బొడ్డు పేగు మెడకు చుట్టుకున్న పిల్లలు మామూలు కాన్పులోనే బోలెడంత మంది పుడతారని మాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఆ క్షణంలో బిడ్డకు ప్రమాదమంటే సంతకం పెట్టని ఇల్లుంటుందా?

2019-21 సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. దేశంలో 21.5. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం, ప్రభుత్వాసుపత్రుల్లో 44.5. లాభం చూసుకోనక్కర్లేని సర్కారు దవాఖానాలో కూడా దాదాపు సగం కోతలేనంటే దీనికి డబ్బాశ ఒక్కటే కారణం కాదు. పక్కన కూర్చుని కాన్పు అయ్యేదాకా చూసే మనిషి లేకపోవడం అసలు కారణం.

ఆ మనిషిని మళ్లీ తయారుచేసే పని మొదలైంది కూడా మన దగ్గరే. హైదరాబాద్‌లో డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ నడిపే ఫెర్నాండెజ్ ఆసుపత్రిలో 2011లో మిడ్‌వైఫరీ శిక్షణ పెట్టారు. 2017లో రాష్ట్ర ప్రభుత్వం, యూనిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి 30 మంది ప్రభుత్వ నర్సులకు పద్దెనిమిది నెలల కోర్సు మొదలుపెట్టాయి. చోటు కరీంనగర్ జిల్లా ఆసుపత్రి. పదింట ఎనిమిది కాన్పులు ఆపరేషన్లే అయిన జిల్లా అది. అంతకంటే సరైన చోటు దొరకదు. అదే ఏడాది జూన్‌లో సర్కారు దవాఖానాలో కనేవాళ్లకు కేసీఆర్ కిట్ వచ్చింది, ఆడపిల్ల పుడితే 13 వేలు, మగపిల్లాడికి 12 వేలు. పేపర్లన్నీ కిట్ గురించే రాశాయి.

మిడ్‌వైఫ్‌లు నడిపే గది వేరుగా ఉంటుంది. నేల మీద పరుపు, గర్భిణి కూర్చుని ఊగడానికి పెద్ద రబ్బరు బంతి, పట్టుకుని వంగడానికి గోడకు కడ్డీ. నొప్పులు వస్తున్నామె నడవొచ్చు, నీళ్లు తాగొచ్చు, పక్కకు తిరిగి పడుకుని గానీ గొంతుకూర్చుని గానీ కనొచ్చు. తోడుగా ఇంటి మనిషిని రానిస్తారు. అరిస్తే తిట్టేవాళ్లు లేరు. మామూలు లేబర్ రూంలో వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు పైకి కట్టి, చేతికి డ్రిప్పు పెట్టి, అవసరం ఉన్నా లేకపోయినా కింద కోత పెట్టడం చూసినవాళ్లకు తేడా వెంటనే తెలుస్తుంది. మా పెద్దమ్మకు ఈ గది ఫొటోలు చూపిస్తే, బంతి తప్ప మిగతాదంతా మేమూ చేసిందేగా అంది.

డాక్టర్ల వైపు మాట కూడా చెప్పాలి. వాళ్లు అడిగేది బాధ్యత గురించి. 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చాక, ఆపరేషన్ చేసినందుకంటే చేయనందుకే కోర్టుకెళ్లాల్సి వస్తోందని వాళ్ల బాధ. మొదటి కాన్పు సిజేరియన్ అయితే రెండోది మిడ్‌వైఫ్‌కు వదలాలంటే ఎవరికైనా టెన్షనే. కాన్పయ్యాక రక్తస్రావం మొదలైతే నిమిషాల్లో ప్రాణం పోతుంది. ఇవి నిజాలే. మిడ్‌వైఫ్‌లు కూడా కాదనరు, వాళ్ల గది ఆసుపత్రి లోపల, లేబర్ రూం పక్కనే ఉండాలంటున్నది అందుకే.

2018 డిసెంబరులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు కూడా అదే నమూనా తీసుకున్నాయి. నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ అని కొత్త హోదా పెట్టాయి. 2023లో పాత ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో తేవడానికి నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది. చట్టం పేరులో మిడ్‌వైఫరీ చేరిందని సంబరపడ్డారు. కాగితం మీద ఈ దేశంలో జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) చదివిన ప్రతి నర్సూ ఎప్పటినుంచో రిజిస్టర్డ్ మిడ్‌వైఫే. ఏఎన్‌ఎం పేరులోనూ ఆ మాట ఉంది.

అందుకే ఇప్పుడు మిడ్‌వైఫ్‌లు హోదా కంటే డ్యూటీ చార్టు గురించి ఎక్కువ అడుగుతున్నారు. పద్దెనిమిది నెలలు శిక్షణ ఇచ్చి, సిబ్బంది చాలక ఐసీయూకో పిల్లల వార్డుకో వేస్తే 1973 మళ్లీ వచ్చినట్టే. తమను కాన్పుల గది నుంచి మార్చకూడదని, ప్రత్యేక క్యాడర్ కావాలని వాళ్ల పట్టు. కేస్ షీట్ మీద సంతకం తమదే అయితే బాధ్యతా తమదే అంటున్నారు. డాక్టర్లు ఆ సంతకాన్ని వదులుకోవడానికి సిద్ధంగా లేరు.