పొలాల మధ్య ఫ్రయరీ, చుట్టూ అగడ్త: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్ పల్లెల్లో పురావస్తు సర్వే నా పని. పశువులు మేసే గడ్డిబీడులో నాలుగు పక్కలా కందకం, మధ్యలో ఎగుడుదిగుడు నేల. మధ్యయుగపు ఫ్రయరీలు కొన్నిచోట్ల ఇంతే మిగిలాయి. ఫ్రయరీ అంటే భిక్షాటన చేస్తూ బోధించే క్రైస్తవ సన్యాసుల మఠం.

అపోహ: అగడ్త ఉందంటే శత్రుభయం ఉన్నట్టే.

ఓరుగల్లు మట్టికోట చూసిన మనకు అలా అనిపించడం సహజం. ఇంగ్లండ్‌లో అగడ్త ఉన్న స్థలాలు దాదాపు 6,000 ఉన్నాయి. ఎక్కువగా 1250-1350 మధ్య తవ్వినవి. చాలావాటికి యుద్ధంతో సంబంధం లేదు. తవ్విన మట్టి లోపల పరిస్తే నేల ఎత్తయి చెమ్మ తగ్గుతుంది. పశువులు లోపలికి రావు. నీళ్లలో చేపలు పెంచుకోవచ్చు. పైగా అగడ్త ఉండటం అప్పట్లో హోదా.

అపోహ: సన్యాసులు కదా, ఊళ్లకు దూరంగానే ఉంటారు.

ఫ్రయర్లకు భిక్ష దొరకాలి, బోధ వినేవాళ్లు కావాలి. అందుకే ఎక్కువమంది పట్టణాల్లోనే ఉన్నారు. పల్లెలో ఫ్రయరీ కనిపిస్తే ఇక్కడికెందుకు వచ్చారా అని ఆరా తీయాలనిపిస్తుంది. 1242 ప్రాంతంలో కెంట్‌లోని ఎయిల్స్‌ఫర్డ్‌కు, నార్తంబర్లాండ్‌లోని హల్న్‌కు వచ్చిన కార్మెలైట్లు అనే ఫ్రయర్లు అంతకుముందు ఇప్పటి ఇజ్రాయెల్‌లోని కార్మెల్ కొండ మీద ఏకాంతంగా తపస్సు చేసుకున్న సంఘం వాళ్లు. 1247లో నియమావళి సడలించాకే పట్టణాల బాట పట్టారు.

అపోహ: కాలక్రమేణా అవే కూలిపోయాయి.

1538లో ఎనిమిదో హెన్రీ ప్రభుత్వం ఫ్రయరీలను మూయించింది. కప్పు మీది సీసం కరిగించుకున్నారు, రాళ్లు ఊడదీసి అమ్ముకున్నారు.

ఇక ఫ్రయరీ కింద రహస్య సొరంగం ఉందనే కథ లేని ఊరు లేదు. తవ్వి చూస్తే చాలాసార్లు అది రాతితో కట్టిన మురుగుకాలువే.

అపోహ: అగడ్తలో పూడిక తీస్తే స్థలం బాగుపడుతుంది.

నన్ను బాగా బాధపెట్టేది ఇదే. గాలి సోకని ఆ నల్లటి బురదలో తోలు, కర్ర, గింజలు వందల ఏళ్లు చెడకుండా ఉంటాయి. ఒకసారి నా చేతిలోకి చెప్పు అడుగుభాగం ఒకటి వచ్చింది. అంచు చుట్టూ కుట్టు రంధ్రాలు, మడమ దగ్గర అరిగిన గుంట. ఆరితే ముడుచుకుని పగిలిపోతుంది కాబట్టి వెంటనే నీళ్ల డబ్బాలో పెట్టాం. మరోచోట మేం వెళ్లేసరికి యజమాని జేసీబీతో అగడ్త శుభ్రం చేయించేశాడు. గట్టు మీద ఎండిపోయిన బురద కుప్ప, అందులో పొడిపొడిగా రాలిపోతున్న చెక్క ముక్కలు. రక్షిత స్థలంలో అనుమతి లేకుండా ఇలా చేస్తే 1979 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకారం నేరం. మీ పొలంలో అగడ్త ఉంటే దయచేసి నీళ్లు తోడేయకండి, బురద కదపకండి.