ఘాటీ దిగేటప్పుడు బ్రేకు ఎందుకు పట్టదు

కొరాపుట్ నుంచి విశాఖపట్నానికి ఆసుపత్రి పనిమీదో, పెళ్ళికో బయల్దేరిన కారు పొట్టంగి దాటాక సుంకి దగ్గర అసలు దిగుడులో పడుతుంది. కొరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది, దిగాక వచ్చే సాలూరేమో కొండ మొదట్లో. ఎక్కేటప్పుడు ఇంజను మూలుగుతుంది కాబట్టి ఎవరైనా జాగ్రత్తపడతారు. దిగేటప్పుడు బండి నోరెత్తదు, హాయిగా జారిపోతుంది. చిక్కంతా ఆ హాయితోనే.

మనుషులు, సామాను కలిపి 1,500 కిలోల కారు 100 మీటర్ల ఎత్తు దిగిందనుకోండి. దాదాపు 14.7 లక్షల జౌళ్ళ శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. అంత వేడి నాలుగున్నర లీటర్ల కుళాయి నీళ్ళను మరిగించేస్తుంది. 600 మీటర్లు దిగితే 28 లీటర్లు, అంటే ఒక చిన్న గుండిగ. బండిని న్యూట్రల్‌లో వదిలి కాలు బ్రేకు మీదే ఉంచితే, గాలి ఒరిపిడికి పోయింది పోగా ఆ వేడంతా నాలుగు చక్రాల డిస్కులూ డ్రమ్ములే మోయాలి.

అప్పుడు బ్రేకు రెండు రకాలుగా మొరాయిస్తుంది. డిస్కును పట్టి నొక్కే ప్యాడ్లు మితిమీరి వేడెక్కితే వాటి పట్టు తగ్గుతుంది: పెడల్ గట్టిగానే ఉంటుంది, ఎంత తొక్కినా బండి ఆగదు. రెండోది బ్రేక్ ఆయిల్ మరగడం. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 రకం ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. నీరు పట్టాక ఆ హద్దు 140కి దిగిపోతుంది. డాట్ 4కి ఇవే అంకెలు 230, 155. మరిగిన చోట ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి నొక్కితే నలిగిపోతుంది గనక పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోతుంది. ఊళ్ళో తిరిగినన్నాళ్ళూ బాగానే ఉన్న బ్రేకు ఘాటీలో మొరాయించడానికి తరచు కారణం ఇదే. రెండేళ్ళకోసారి ఆయిల్ మార్పించి, లైనులో గాలి తీయించాలి. తగ్గినంత మేర పైన పోయించుకుంటే సరిపోదు, పాత నీరు లోపలే ఉంటుంది.

పాత లారీ డ్రైవర్ల సూత్రం ఒకటుంది: ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. నిటారు దిగుడులో చిన్న కార్లకి అది సాధారణంగా రెండో గేరు, వేగం 25-30 కిలోమీటర్లు. అప్పుడు బండిని ఇంజనే వెనక్కి పట్టి ఉంచుతుంది, గట్టిగా అరుస్తుంది. భయపడనక్కర్లేదు, మీటరులో ఎర్రగీత దాటనంతవరకు దానికేమీ కాదు. ఆటోమేటిక్ బండిలో ‘ఎల్’, ‘2’ లేదా మాన్యువల్ మోడ్ వాడాలి. గేరు కిందికి మార్చడం దిగుడు మొదలవకముందే జరగాలి. ఆపైన బ్రేకు అవసరమైతే మలుపుకి ముందే గట్టిగా తొక్కి, 40 నుంచి 30కి తెచ్చి, పూర్తిగా వదిలేయాలి. కాలు ఆనించి ఉంచితే డిస్కు చల్లబడే వ్యవధే దొరకదు.

న్యూట్రల్‌లో పెట్రోలు ఆదా అన్నది కార్బురేటర్ కాలం మాట. ఇప్పటి బండి గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే కంప్యూటరే ఇంధనం ఆపేస్తుంది. న్యూట్రల్‌లోనే ఇంజను ఆగకుండా ఉండటానికి కాస్త ఇంధనం తాగుతుంది. ఇంజను ఆపి దిగడం ఇంకా ఘోరం: రెండు మూడుసార్లు తొక్కాక బ్రేకుకి బూస్టర్ (కాలి బలాన్ని పెంచే పరికరం) సాయం ఉండదు, స్టీరింగ్ బిగుస్తుంది.

కమురు వాసన వచ్చినా, పెడల్ తేడాగా అనిపించినా వెడల్పు జాగా చూసి ఆపండి. గేరులో ఉంచి, చక్రం కింద రాయి పెట్టి అరగంట వదిలేయండి. కాలిన డిస్కు మీద నీళ్ళు కొడితే అది వంకరపోతుంది. బయల్దేరేముందు ఆ రాయి తీసి పక్కన పడేయండి. ఘాటీ మలుపుల్లో బైకులను పడగొట్టే రాళ్ళలో ఇలా వదిలేసినవీ ఉంటాయి.

నడుస్తుండగానే పెడల్ కిందికి పోతే గబగబా పంపు కొట్టినట్టు తొక్కండి. ఒక్కో గేరూ దించుతూ, హ్యాండ్‌బ్రేకు బటన్ నొక్కి ఉంచి కొద్దికొద్దిగా లాగండి. అప్పటికీ ఆగకపోతే లోయవైపు కాకుండా కొండవైపు గట్టుకి బండిని ఒరిపించండి. డోరు పోతే పోనివ్వండి. ఇంకొకటి: ఇరుకు దారిలో ఎక్కే బండికి దిగే బండే దారివ్వాలి. అది మర్యాద ఒక్కటే కాదు, రూలు కూడా.

కొండ దిగాక ముప్పు రూపం మారుతుంది. సంత నుంచి నెత్తిన మూటలతో ఇంటికి నడిచే జనం చీకటి పడేవేళకి రోడ్డు అంచునే ఉంటారు. డిమ్ లైటులో మనకు స్పష్టంగా కనిపించేది ఇంచుమించు 40 మీటర్లు. 60 వేగంలో, మెదడు గ్రహించి కాలు కదిలేసరికి ఒకటిన్నర సెకనులో 25 మీటర్లు పోతాయి, పొడి రోడ్డు మీద ఆగడానికి మరో 20. మొత్తం 45. అంటే కనిపించాక ఆగలేం. 40కి తగ్గిస్తే 26 మీటర్లలో ఆగుతుంది. ఫోను వైపు రెండు సెకన్లు చూస్తే 60లో ఇంకో 33 మీటర్లు గుడ్డిగా వెళ్ళినట్టే.

కోతలయ్యాక చోళ్ళు (రాగులు), వరిగడ్డి రోడ్డు మీదే పరుస్తారు, మన చక్రాలతోనే నూర్చుకుంటారు. వాళ్ళ తిప్పలు వాళ్ళవి. దాని మీద బ్రేకు వేస్తే చక్రం జారుతుంది, కాబట్టి ముందే వేగం తగ్గించి తిన్నగా దాటాలి. దాటాక ఓసారి ఆపి, వంగి బండి కింద చూడండి. వేడి సైలెన్సర్‌కి చుట్టుకున్న ఎండుగడ్డి అంటుకుంటే ముందు తెలిసేది పొగ వాసనే. ఇంజను ఆపి, గొట్టం చల్లారాక కర్రతో లాగేయండి.