ఇంగ్లిష్ పల్లెలో ఎవరికి చోటు? మిడ్‌సమర్ తగువు వెనక కథ

ఇంగ్లండ్ పల్లెటూళ్ల హత్యల డ్రామాల మీద పాత తగువు చల్లారినట్టే చల్లారి మళ్లీ రాజుకుంటోంది. కొత్త సిరీస్‌లో ఎవరు నటిస్తున్నారో బయటికి రాగానే ఒక వర్గం లేస్తుంది. ఆ కాలంలో ఆ ఊళ్లో నల్లవాళ్లు, భారతీయులు ఎక్కడున్నారు, చరిత్రను మార్చేస్తున్నారు అంటుంది. రెండో వర్గం ఇది కథే కదా, కథలో ఎవరైనా ఉండొచ్చు అంటుంది. 2023 డిసెంబర్ 27, 28 తేదీల్లో బీబీసీలో 'మర్డర్ ఈజ్ ఈజీ' వచ్చినప్పుడు జరిగింది ఇదే. అగాథా క్రిస్టీ 1939లో రాసిన ఆ నవలలో హీరో వలస రాజ్యంలో పోలీసు ఉద్యోగం చేసి ఇంటికొచ్చిన ఇంగ్లిష్‌వాడు. టీవీలో అతను 1954లో లండన్‌లో ఉద్యోగంలో చేరడానికి వచ్చిన నైజీరియా యువకుడు. ఆ పాత్ర వేసింది డేవిడ్ జాన్సన్, డైరెక్ట్ చేసింది మీనూ గౌర్. మొదటి భాగం రాకముందే వాదన మొదలైపోయింది.

ఈ రెండు వర్గాలూ ఒక విషయంలో ఒకటే అనుకుంటాయి. ఇంగ్లిష్ పల్లె అంటే మొదట్నుంచీ తెల్లవాళ్లదేననీ, మిగతావాళ్లను ఇప్పుడు తెచ్చి చేరుస్తున్నారనీ. ఆ నమ్మకం ఇంత గట్టిగా ఎలా పాతుకుపోయిందో తెలియాలంటే 2011 మార్చికి వెళ్లాలి.

అంతకుముందు సంగతులు చాలామందికి తెలిసినవే. పల్లెలో ఉంటూ హత్యల గుట్టు విప్పే ముసలావిడ మిస్ మార్పుల్ మీద క్రిస్టీ నవలలు 1930లో మొదలయ్యాయి. చర్చి, టీ పార్టీ, పూల పోటీ, వాటి మధ్య ఒక శవం అనే పద్ధతి అప్పట్నుంచీ నడుస్తోంది. కరోలిన్ గ్రాహం నవలల ఆధారంగా 1997 మార్చిలో ఐటీవీ చానెల్‌లో 'మిడ్‌సమర్ మర్డర్స్' మొదలైంది. ఆక్స్‌ఫర్డ్‌షైర్, బకింగ్‌హామ్‌షైర్ పల్లెల్లో తీసిన ఆ సిరీస్‌లో జాన్ నెటిల్స్ 81 ఎపిసోడ్లలో ఇన్‌స్పెక్టర్ బార్నబీగా కనిపించాడు. ఎన్నో దేశాలకు అమ్ముడైంది. పద్నాలుగేళ్లు ఎవరూ పెద్దగా ప్రశ్నించలేదు.

2011 మార్చిలో నెటిల్స్ వెళ్లిపోయి కొత్త బార్నబీగా నీల్ డడ్జన్ రాబోతున్నాడు. అతని మొదటి ఎపిసోడ్ ఆ నెల 23న ప్రసారం కావాలి. దానికి ప్రచారంగా నిర్మాత బ్రయాన్ ట్రూ-మే 'రేడియో టైమ్స్' పత్రికకు ఇంటర్వ్యూ ఇచ్చాడు. సిరీస్‌ను మొదట్నుంచీ నడిపించినవాడు ఆయనే. మైనారిటీ జాతులవాళ్లను మేం అసలు తీసుకోం, వాళ్లుంటే అది ఇంగ్లిష్ పల్లెలా ఉండదు అన్నాడు. వాళ్లను పెడితే ఉన్నట్టుండి స్లౌ పట్టణంలో ఉన్నట్టుంటుంది అన్నాడు. ఇంగ్లిష్‌తనానికి మిగిలిన చివరి కోట మేమే, దాన్ని అలాగే ఉంచుతాను అని కూడా అన్నాడు.

ఇంగ్లిష్‌తనంలో ఇతర జాతులవాళ్లు ఎందుకు ఉండకూడదని అడిగితే ఆయన జవాబు ఇంకా స్పష్టంగా ఉంది. ఉండాలి నిజమే, కానీ నేను ఒక రకం ప్రేక్షకుల కోసం తీస్తున్నాను, అది ఆడుతోంది, దాన్ని మార్చను అన్నాడు. అదే ఇంటర్వ్యూలో హత్యకు కారణాలుగా రక్తసంబంధీకుల మధ్య అక్రమ సంబంధాలు, బ్లాక్‌మెయిల్, స్వలింగ ప్రేమ ఏదైనా పెట్టొచ్చని, జనం నమ్ముతారని చెప్పాడు. ఇది సంప్రదాయవాది మాట కాదు. మొట్టమొదటి కథే అన్నాచెల్లెళ్ల మధ్య సంబంధం చుట్టూ తిరుగుతుంది. ఆయన పల్లెలో ఏ పాపమైనా జరగొచ్చు. ఏ రహస్యమైనా పొరుగింట్లో దాక్కోవచ్చు. ఒక్క గోధుమ రంగు మనిషి మాత్రం పొరుగింట్లో ఉండకూడదు. అంటే పల్లె ఎలా ఉంటుందన్న దాని మీద కాదు, ఎవరు కనిపించాలన్న దాని మీద తీసుకున్న నిర్ణయం అది.

స్లౌ గురించిన మాట మన పాఠకులకు ఇంకాస్త దగ్గర. బెర్క్‌షైర్‌లోని ఆ పట్టణంలో, పక్కనున్న రెడింగ్‌లో తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్లి అక్కడే ఇళ్లు కొనుక్కుని పిల్లల్ని పెంచుకుంటున్నవాళ్లు. అలాంటి ఊరి పేరు ఇంగ్లండ్ కానిదానికి గుర్తుగా వాడుకున్నాడు ట్రూ-మే. సిరీస్‌లోని కాస్టన్ పట్టణానికి అసలు మూలం స్లౌయేననీ, ఇప్పుడు స్లౌకి వెళ్తే ఒక్క తెల్ల ముఖం కనిపించదనీ అన్నాడు. ఆ ఇంటర్వ్యూ వచ్చి రెండు వారాలు కూడా కాకముందే, మార్చి 27న, బ్రిటన్‌లో జనాభా లెక్కలు తీశారు. స్లౌ జనాభాలో దాదాపు 46 శాతం మంది తెల్లవాళ్లని తేలింది. వాళ్లలో పోలండ్ నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు, తరతరాలుగా అక్కడే ఉన్నవాళ్లూ ఉన్నారు. ఆయన చెప్పింది లెక్క ప్రకారం అబద్ధం. కానీ చాలామంది ఊహలో ఉన్న స్లౌ అదే కాబట్టి, అది తప్పని అప్పుడు ఎత్తిచూపినవాళ్లు తక్కువ.

తర్వాత జరిగింది వేగంగా జరిగింది. ఈ మాటలు మాకు దిగ్భ్రాంతి కలిగించాయని ఐటీవీ ప్రకటించింది. నిర్మాణ సంస్థ ట్రూ-మేను సస్పెండ్ చేసి విచారణ జరిపింది. ఆయన క్షమాపణ చెప్పాడు. తిరిగి తీసుకున్నారు, కానీ ఆ ఏడాది షూటింగ్ పూర్తికాగానే తప్పుకుంటాడని ప్రకటించారు. సిరీస్‌లో సార్జంట్ పాత్ర వేసిన జేసన్ హ్యూస్, ఊళ్లో నల్లజాతి తోటమాలి కనిపిస్తే ప్రేక్షకులు ఏమీ అనుకోరు, సంతోషిస్తారు అన్నాడు.

ట్రూ-మే వైపు వాదన కూడా ఉంది. 2011 లెక్కల్లోనే ఇంగ్లండ్, వేల్స్ గ్రామీణ ప్రాంతాల్లో దాదాపు 95 శాతం మంది తెల్లజాతి బ్రిటిష్‌వాళ్లు. పల్లెను ఉన్నట్టు చూపించాడు, తప్పేముంది అన్నారు ఆయన్ను సమర్థించినవాళ్లు. ఇది గట్టి వాదనలానే కనిపిస్తుంది. అయితే 95 శాతం అంటే నూటికి నూరు కాదు. వంద ఇళ్ల ఊళ్లో అయిదిళ్లు. ఆ అయిదిళ్లలో ఒకటి డాక్టర్‌ది, ఒకటి పోస్టాఫీసు దుకాణం నడిపేవాళ్లది అయ్యుండొచ్చు. ఈ రెండూ పల్లె మర్డర్ మిస్టరీలో తప్పకుండా వచ్చే చోట్లు. పైగా ఆ సిరీస్ హత్యల విషయంలో ఎప్పుడూ జనాభా లెక్కలు చూడలేదు. ఒక్క జిల్లాలో వారానికి ఇద్దరు ముగ్గుర్ని చంపుతుంటే ప్రేక్షకులు అది నిజమని నమ్మరు, కథని ఒప్పుకుంటారు. ఆ వెసులుబాటు హత్యలకు ఇచ్చి మనుషులకు ఇవ్వకపోవడానికి లెక్కలు కారణం కావు.

2011 వరకూ పల్లె డ్రామాలో ఎవరున్నారన్నది మాటల్లో లేని ఏర్పాటు. అలవాటు అనుకుని ఊరుకున్నారు. ట్రూ-మే దాన్ని పైకి చెప్పేసరికి అది ఒక పక్షం అయిపోయింది. ఆ పక్షానికి ఎదురుగా ఇంకొకటి తయారైంది. అప్పట్నుంచీ ప్రతి పాత్ర ఎంపికా ఒక ఓటులాగా మారింది. దీంట్లో పెద్ద నష్టం ఇంకోటి ఉంది. వాదన అంతా ఇప్పుడు చేర్చాలా వద్దా అన్న దాని చుట్టూనే తిరిగింది. ముందు నుంచీ ఎవరున్నారు అన్న ప్రశ్న పక్కకు పోయింది.

ఇంగ్లండ్ పల్లెటూళ్లలో నిజంగా జరిగిన నేరాల్లో డిటెక్టివ్ కథలకు అతి దగ్గరగా ఉండేది గ్రేట్ వర్లీ కేసు. అది స్టాఫర్డ్‌షైర్‌లో బొగ్గు గనుల దగ్గరి ఊరు, పోస్టుకార్డు మీది పల్లె కాదు. 1903లో అక్కడ రాత్రిపూట ఎవరో గుర్రాలను, ఆవులను, గొర్రెలను కత్తితో పొట్ట చీల్చి వదిలేయడం మొదలుపెట్టారు. ఆకాశరామన్న ఉత్తరాలు వచ్చేవి. ఊరంతా భయం. పోలీసులు పట్టుకున్నది ఊరి చర్చి గురువు కొడుకు జార్జ్ ఎదల్జీని. ఆ గురువు షాపుర్జీ ఎదల్జీ బొంబాయి పార్సీ. క్రైస్తవం తీసుకుని, ఇంగ్లిష్ యువతిని పెళ్లాడి, 1870ల మధ్య నుంచి 1918లో చనిపోయేదాకా ఆ ఊరి చర్చిని నడిపాడు. నలభై ఏళ్లకు పైగా ఆ ఊళ్లో పిల్లలకు బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, అంత్యక్రియలు జరిపించింది ఒక భారతీయుడు.

జార్జ్ అక్కడే పుట్టాడు. బర్మింగ్‌హామ్‌లో లాయరు. రైలు ప్రయాణికుల హక్కుల గురించి పుస్తకం కూడా రాశాడు. అతనికి చూపు చాలా తక్కువ. చీకట్లో పొలాల మీదుగా వెళ్లి గుర్రాన్ని కోయడం అతని వల్ల అయ్యే పని కాదు. అయినా ఏడేళ్ల కఠిన శిక్ష వేశారు. వేలమంది సంతకాలతో వినతిపత్రం వెళ్లింది. మూడేళ్లు జైల్లో ఉన్నాక 1906లో వదిలేశారు, కారణం చెప్పకుండానే. అప్పుడు అతను షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త ఆర్థర్ కానన్ డాయల్‌కు రాశాడు. డాయల్ స్వయంగా కంటి డాక్టరు పని నేర్చుకున్నవాడు. మొదటిసారి కలిసినప్పుడే జార్జ్ పేపరు కళ్లకు ఆనించుకుని చదవడం చూసి విషయం గ్రహించాడు. ఊరికి వెళ్లి దారులు చూశాడు, సాక్ష్యాలు ఒక్కొక్కటీ విప్పాడు, 1907 జనవరిలో 'డైలీ టెలిగ్రాఫ్'లో వరసగా రాశాడు. జిల్లా పోలీసు అధిపతి కెప్టెన్ ఆన్సన్ ఆ కుటుంబాన్ని మొదట్నుంచీ అనుమానంతోనే చూసేవాడని బయటపడింది. ఆ మే నెలలో ప్రభుత్వం జార్జ్‌కు పశువుల కేసులో క్షమాభిక్ష ఇచ్చింది. ఉత్తరాలు మాత్రం అతనే రాశాడంటూ పరిహారం ఒక్క పౌను కూడా ఇవ్వలేదు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో క్రిమినల్ అప్పీల్ కోర్టు కోసం చట్టం రావడానికి ఈ కేసు ఒక ముఖ్య కారణం.

ఊరు, చర్చి, ఆకాశరామన్న ఉత్తరాలు, తప్పు మనిషిని పట్టుకున్న పోలీసు, బయటి నుంచి వచ్చి నిజం తేల్చిన డిటెక్టివ్. పల్లె మిస్టరీకి కావలసినవన్నీ ఇందులో ఉన్నాయి. మిస్ మార్పుల్ నవల కంటే ఇరవై ఏళ్లకు పైగా ముందే జరిగింది. కథ మధ్యలో ఉన్నది భారతీయ కుటుంబం. వాళ్లుంటే అది ఇంగ్లిష్ పల్లెలా ఉండదన్న ట్రూ-మే మాటను ఈ ఒక్క కేసుతో పోల్చి చూస్తే చాలు.

మిడ్‌సమర్ తీసిన చిల్టర్న్ కొండల ప్రాంతంలో ఇంకో సాక్ష్యం ఉంది. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని స్టోక్ రో ఊళ్లో ఎండాకాలం నీళ్లుండేవి కావు. ఇంట్లో మిగిలిన కాసిని నీళ్లు తాగినందుకు ఒక పిల్లవాడిని తల్లి కొట్టిందన్న సంగతి, ఆ ప్రాంతం నుంచి భారతదేశానికి వచ్చిన అధికారి ఎడ్వర్డ్ రీడ్ కాశీ మహారాజు ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్‌కు చెప్పాడట. మహారాజు డబ్బు పంపాడు. 368 అడుగుల లోతు బావి చేత్తో తవ్వారు. 1864లో తెరిచారు. పైన గుమ్మటం, కింద ఏనుగు బొమ్మ ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఊరివాళ్లు దశాబ్దాలపాటు ఆ నీళ్లే తాగారు. అక్కడికి దగ్గర్లోని బాసిల్డన్ పార్క్ భవనం బెంగాల్లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగంలో సంపాదించిన డబ్బుతో ఫ్రాన్సిస్ సైక్స్ కట్టించుకున్నది. ఇలా వలస రాజ్యాలతో, బానిస వ్యాపారంతో ముడిపడిన 93 ఆస్తుల జాబితాను, చారిత్రక భవనాలను కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ 2020లో ప్రకటించినప్పుడు, దాని మీదా ఇదే రెండు వర్గాల మధ్య ఇలాంటి రచ్చే అయింది.

2011 తర్వాత మిడ్‌సమర్ మారింది. 2016లో వచ్చిన సిరీస్‌లో పోస్ట్‌మార్టం డాక్టర్ కామ్ కరిమోర్‌గా మన్‌జిందర్ విర్క్ వచ్చింది. తెలివైన పాత్ర, బార్నబీతో సమానంగా మాట్లాడుతుంది. రెండు సిరీస్‌లు చేసి వెళ్లిపోయింది. అతిథి పాత్రల్లో రకరకాల నేపథ్యాల నటులు ఇప్పుడు మామూలే. నాకు నచ్చని విషయం ఒకటి ఉంది. పాత్ర కనిపిస్తుంది కానీ ఆ మనిషి ఆ ఊరికి ఎలా వచ్చాడు, అతని తాత ఏం చేశాడు, ఊరివాళ్లు అతన్ని ఎలా చూశారు అన్నది కథలోకి దాదాపుగా రాదు. ట్రూ-మే విమర్శకులను తృప్తిపరచడానికి ఇది సరిపోయింది. 'మర్డర్ ఈజ్ ఈజీ' అక్కడే వేరుగా ఉంది. అందులో హీరో నైజీరియా వాడు కావడం వల్లే ఊరు అతనితో ఒకలా మాట్లాడుతుంది, అతను ఊరిని ఇంకోలా చూస్తాడు. మూల నవలలో లేని ఆ కోణం కోసం నిర్మాతలు కథనే కదిలించారు. నవల చెడగొట్టారన్న వాళ్లున్నారు. నాకైతే ఆ డ్రామాలో నిలబడింది ఆ భాగమే అనిపించింది.

ఇప్పుడు మళ్లీ వాదించుకుంటున్నవాళ్లు 1950లలో పల్లెలో భారతీయుడు ఉండేవాడా అని అడుగుతున్నారు. గ్రేట్ వర్లీలో ఒకాయన 1870ల నుంచే ఉన్నాడు. ఊరి పెళ్లిళ్ల రిజిస్టర్లలో ఆయన సంతకాలున్నాయి.