కార్బొరేటర్ విప్పే ముందు ట్యాంకు మూత చూడండి: పెట్రోల్ సరఫరాపై అపోహలు – వాస్తవాలు

"బండి కొట్టుకుంటూ ఆగిపోతోంది, కార్బొరేటర్ క్లీన్ చెయ్యన్నా" అంటూ షెడ్డుకి తెచ్చే బండ్లలో చాలావాటికి కార్బొరేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) విప్పాల్సిన పనే ఉండదు. పాత స్ప్లెండర్, పాత పల్సర్ లాంటి బండ్లలో పెట్రోల్‌కి పంపు లేదు. ట్యాంకు పైన, కార్బొరేటర్ కింద. పెట్రోల్ తన బరువుకి తానే దిగాలి. అందుకే నేను వెతకడం ఎప్పుడూ పైనుంచే మొదలుపెడతాను.

అపోహ: ట్యాంకులో సగం పెట్రోల్ ఉంది. అయినా ఆగిందంటే కార్బొరేటర్ జామే.

వాస్తవం: పెట్రోల్ దిగేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి వెళ్లాలి. దానికి మూతలోనే ఒక సన్నని దారి ఉంటుంది. దుమ్ముతోనో తుప్పుతోనో అది మూసుకుపోతే లోపల వాక్యూమ్ ఏర్పడి పెట్రోల్ దిగడం ఆగుతుంది. బండి పొద్దున్నే బాగానే స్టార్ట్ అవుతుంది, కొన్ని కిలోమీటర్లు హాయిగా పోతుంది, తర్వాత పికప్ తగ్గి ఆగిపోతుంది. పక్కన పెట్టి టీ తాగి వస్తే మళ్లీ స్టార్ట్! అందరూ ఇంజిన్ వేడెక్కిందనుకుంటారు. ఈసారి ఆగిన వెంటనే మూత తెరవండి (దగ్గర్లో సిగరెట్ ఉండకూడదు). 'స్స్' మని గాలి లోపలికి పోయి, కాసేపట్లో బండి అందుకుంటే దొంగ దొరికినట్టే. మూత తీసినా తేడా లేకపోతే ఇగ్నిషన్ కాయిల్‌ని (ప్లగ్‌లో స్పార్క్‌కి కరెంటిచ్చే భాగాన్ని) కూడా అనుమానించాలి. వేడికి అదీ ఇలాగే మొరాయిస్తుంది.

ఇంకా అనుమానముంటే ఇంజిన్ చల్లారాక కార్బొరేటర్ దగ్గర పైపు లాగి, ఒక సీసాలో పెట్టి పెట్రోల్ కాక్ (ట్యాంకు కింద పెట్రోల్‌ని తెరిచి మూసే కుళాయి) తిప్పండి. ధార తెగకుండా పడాలి. మొదట బాగా పడి, పోనుపోను సన్నబడితే మూత తీయండి. ధార పుంజుకుంటే తప్పు మూతది. పుంజుకోకపోతే కాక్ లోపలి జాలీలో చెత్త, లేదా పైపు ఎక్కడో మడతపడి ఉంటుంది. ధార మొదటినుంచీ బాగుంటేనే కార్బొరేటర్ మీద చెయ్యి వేయాలి. సీసా అడుగున నీళ్లు విడిగా నిలిచినా, ఎర్రటి తుప్పు పొడి కనిపించినా ముందు ట్యాంకు కడగాలి. అది చేయకుండా కార్బొరేటర్ ఎన్నిసార్లు క్లీన్ చేయించినా డబ్బులు దండగ. కార్బొరేటర్ స్కూటర్లలో చాలావాటికి ఇంజిన్ తిరిగితేనే తెరుచుకునే వాక్యూమ్ కాక్ ఉంటుంది. వాటికి ఈ సీసా పరీక్ష ఇలా కుదరదు.

అపోహ: రిజర్వ్‌లో నడిపితే చెత్తంతా ఇంజిన్‌లోకి పోతుంది.

సగం నిజం. రిజర్వ్ దారి ట్యాంకు అడుగునుంచి తీసుకుంటుంది, నీళ్లూ తుప్పూ చేరేది అక్కడే. కానీ ఏళ్ల తరబడి రిజర్వ్ ముట్టకపోతే, అవసరం పడ్డ రోజున ఆ సరుకంతా ఒక్కసారే దిగుతుంది. అప్పుడప్పుడూ కాసేపు రిజర్వ్‌లో తిప్పడమే మేలు.

అపోహ: జెట్ (కార్బొరేటర్‌లో పెట్రోల్ పోయే సన్నని రంధ్రమున్న ముక్క) మూసుకుపోతే తీగతో పొడిస్తే చాలు.

దయచేసి వద్దు. జెట్ ఇత్తడిది, రంధ్రం కొలత మిల్లీమీటర్లో వందో వంతుల్లో ఉంటుంది. ఇనప తీగతో కెలికితే రంధ్రం పెద్దదై బండి పెట్రోల్ తాగుతుంది, మైలేజ్ పడిపోతుంది. కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి, కంప్రెసర్ గాలితో ఊదండి.

అదనంగా ఫిల్టర్ వేస్తే మంచిదని పంపు ఉన్న కార్ల కోసం చేసిన కాగితం ఫిల్టర్ బిగిస్తుంటారు. బరువుకి దిగే పెట్రోల్‌కి అదే అడ్డం.

అపోహ: బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) బండికీ ఇదే వైద్యం.

కాదు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లలో దాదాపు అన్నిటికీ ఫ్యూయల్ ఇంజెక్షనే, అంటే కార్బొరేటర్ బదులు పంపు ఒత్తిడితో పెట్రోల్ చిమ్మే పద్ధతి. చాలావాటిలో పంపు ట్యాంకులోనే ఉంటుంది, పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి రోడ్డు పక్కన లాగేయకండి. తాళం తిప్పగానే రెండు మూడు సెకన్లు 'జుయ్' మని పంపు శబ్దం రావాలి. రాకపోతే ఫ్యూజ్, రిలే (పంపుకి కరెంటు కలిపే స్విచ్) చూడాలి, ఆ తర్వాతే పంపు. వీటన్నిటికంటే ముందు కిల్ స్విచ్ (హ్యాండిల్ మీద ఇంజిన్ ఆపే స్విచ్) చూడండి. చాలా మోడళ్లలో అది ఆఫ్‌లో ఉంటే పంపు తిరగదు, పిల్లలు ఆడుకుంటూ నొక్కేసి ఉంటారు.