చార్టు చదువు: లెక్కల పుస్తకం నుంచి అంజనం దాకా

2025 జనవరి 29న షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఒక సర్క్యులర్ ఇచ్చింది. మార్కెట్ సలహాదారుగా నమోదు కాకుండా కేవలం పాఠాలు చెప్పుకునేవారు ఏదైనా షేరు పేరెత్తి దాని ధర చూపించాలంటే, ఆ ధర కనీసం మూడు నెలల పాతదై ఉండాలని దాని సారాంశం. ఇవాళ్టి చార్టు తెరిచి ‘ఇదిగో ఇక్కడ బ్రేకౌట్, ధర హద్దు దాటేసింది’ అంటే దాన్ని పాఠంగా ఒప్పుకోరు, సలహా కిందే లెక్కగడతారు. చూడటానికి చిన్న నిబంధనే. అయితే పాత ధరల గీతలు చూసి రాబోయే ధరను ఊహించే టెక్నికల్ అనాలిసిస్ చుట్టూ వందేళ్లుగా నడుస్తున్న తగాదా మొత్తం అందులో ఉంది. చార్టు అనేది జరిగిందాన్ని రాసిపెట్టుకునే చిట్టానా, జరగబోయేది చూపించే అంజనమా?

ఈ కథ బియ్యంతో మొదలవుతుంది. తొకుగావా కాలపు జపాన్‌లో శిస్తు బియ్యం రూపంలో వసూలయ్యేది. ప్రభువులు ఆ బియ్యాన్ని ఒసాకా గోదాముల్లో నింపి, దాని మీద రసీదులు అమ్ముకునేవారు. ఒసాకాలోని దోజిమా బజారులో రాబోయే రోజుల బియ్యానికి ఇవాళే ధర కట్టే బేరాలు సాగేవి. 1730లో ప్రభుత్వం వాటికి అధికారిక గుర్తింపు ఇచ్చింది. సకతా పట్టణానికి చెందిన హొమ్మా మునెహిస అనే బియ్యం వర్తకుడు ఆ శతాబ్దపువాడే. ధర మీద పంట ఎంత పనిచేస్తుందో, కొనేవాళ్ల ఆశా అమ్మేవాళ్ల గుబులూ అంతే పనిచేస్తాయన్న ఆలోచన ఆయన పేరు మీద ఉన్న రాతల్లో కనిపిస్తుంది.

క్యాండిల్ చార్టును కనిపెట్టింది కూడా ఆయనేనని ప్రతి శిక్షణ తరగతిలోనూ చెబుతారు. చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ ఆధారం బలంగా లేదు. నేటి రూపంలోని క్యాండిల్ పందొమ్మిదో శతాబ్దం చివర, మీజీ కాలంలో వచ్చిందన్న అభిప్రాయమే ఎక్కువగా వినిపిస్తుంది. ఎవరు గీసినా గొప్ప బొమ్మే. రోజు మొదట్లో ధర, చివర్లో ధర, మధ్యలో తాకిన పైమెట్టు, కిందిమెట్టు అన్నీ ఒక్క గీతలో ఇమిడిపోతాయి.

అమెరికాలో కథ మరో కారణంతో మొదలైంది. అక్కడి కంపెనీలు అప్పట్లో తమ ఖాతాలను బయటపెట్టాలన్న గట్టి చట్టమేదీ లేదు. లాభమెంతో, అప్పెంతో లోపలివారికే తెలిసేది. దాచడానికి వీల్లేని అంకె ఒక్కటే: 1867 నుంచి టిక్కర్ యంత్రం కాగితపు రిబ్బను మీద కొట్టుకుంటూ పోతున్న ధర. సంగతి తెలిసినవాడు కొన్నా అమ్మినా దాని జాడ ధరలో పడక తప్పదు. ‘ధరలోనే అన్నీ ఉన్నాయి’ అనే టెక్నికల్ అనాలిసిస్ మూలసూత్రం ఈ చీకట్లో పుట్టింది. దాన్ని వల్లించేవారిలో చాలామంది ఈ సంగతి మరిచిపోతారు.

చార్లెస్ డౌ పాత్రికేయుడు. 1882లో ఇద్దరు భాగస్వాములతో డౌ జోన్స్ సంస్థ పెట్టి, 1884 జులై 3న పదకొండు షేర్ల సగటు ప్రచురించాడు. వాటిలో తొమ్మిది రైల్వే కంపెనీలే. 1896 మే 26న పన్నెండు పారిశ్రామిక షేర్ల సగటు మొదలైంది. పన్నెండు ధరలు కూడి పన్నెండుతో భాగిస్తే ఆ రోజు వచ్చింది 40.94. ఫ్యాక్టరీలు సరుకు తయారుచేస్తుంటే రైళ్లు దాన్ని మోయాలి కాబట్టి, రెండు సగటులూ ఒకే దారిలో నడిస్తేనే వ్యాపారం నిజంగా పుంజుకున్నట్టని ఆయన తర్కం. తన పేరుతో సిద్ధాంతమంటూ ఆయన ఏమీ రాయలేదు. 1902లో ఆయన చనిపోయాక, సంపాదకీయాలను ఏరి కూర్చి ‘డౌ సిద్ధాంతం’ అని పేరు పెట్టింది ఇతరులు.

ఆ పేరుకు జోస్యం హోదా తెచ్చినవాడు విలియం పీటర్ హామిల్టన్. వాల్ స్ట్రీట్ జర్నల్ సంపాదకుడిగా 1929 అక్టోబర్ 25న, మార్కెట్ కూలడం మొదలైన మర్నాడే, మార్కెట్‌లో పోటు తగ్గి ఆటు మొదలైందని రాశాడు. ఆ డిసెంబర్‌లోనే చనిపోయాడు. ఇక కీర్తికి కొదవేముంటుంది!

ఆ కీర్తిని తూకం వేసింది ఆల్ఫ్రెడ్ కౌల్స్. సంపన్న కుటుంబీకుడు, సలహా పత్రికలకు డబ్బు కట్టి చదివినవాడు. వాటిలో ఒక్కటైనా 1929 పతనాన్ని సరిగా ముందే పట్టుకుందా అన్న అనుమానం ఆయనను లెక్కల్లోకి దింపింది. 1933లో ఎకనోమెట్రికా అనే ఆర్థికశాస్త్ర పత్రికలో అచ్చైన పరిశోధనలో హామిల్టన్ సంపాదకీయాలనూ పరీక్షించాడు. మార్కెట్ దిశ మారుతోందని చెప్పిన 90 సందర్భాల్లో 45 ఫలించాయి, 45 తప్పాయి. నాణెం ఎగరేసినా అంతే వస్తుంది. ఆయన మాట విని నడిచినవారికి ఏడాదికి సుమారు 12 శాతం వచ్చేది. కదలకుండా షేర్లు పట్టుకు కూర్చున్నవారికి సుమారు 15.5 శాతం. అయితే 1998లో ముగ్గురు పరిశోధకులు ఈ లెక్కను మళ్లీ తిరగేశారు. హామిల్టన్ చాలాకాలం డబ్బును మార్కెట్ బయట ఉంచమన్నాడనీ, తగ్గిన రిస్కును కలిపి చూస్తే ఆయన ఫలితం మెరుగేననీ తేల్చారు. పంచాయితీ తెగలేదు.

తరవాతి దశాబ్దాల్లో చార్టులో హెడ్ అండ్ షోల్డర్స్, త్రిభుజాలు వంటి ఆకారాలు వెతకడం, ధర అలల్లా కదులుతుందనే ఇలియట్ తరంగాలు వచ్చాయి. తరంగాలను ఎవరు లెక్కపెడితే వారికి వేరే సంఖ్య వస్తుంది కాబట్టి అక్కడ ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. అసలు మలుపు 1978. వెల్స్ వైల్డర్ అనే మెకానికల్ ఇంజినీర్ ఆర్‌ఎస్‌ఐ సూచిక ఇచ్చాడు. పద్నాలుగు రోజుల్లో పెరుగుదలల సగటును తగ్గుదలల సగటుతో పోల్చి సున్నా నుంచి వంద మధ్య ఒక అంకెగా మారుస్తుంది. డెబ్బై దాటితే అతిగా కొన్నారనీ, ముప్పై దిగితే అతిగా అమ్మారనీ అర్థం. కంటితో పోల్చుకునే బొమ్మ స్థానంలో సూత్రం వచ్చింది. సూత్రమైతే యంత్రానికి నేర్పవచ్చు.

మన దగ్గర 1994 నవంబర్‌లో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ (ఎన్‌ఎస్‌ఈ) కంప్యూటర్ తెరల మీద షేర్ల వ్యాపారం మొదలుపెట్టేదాకా ధరలు ఊళ్లకు చేరేది మర్నాటి పత్రికల్లోనే. 1943లో పుట్టిన హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజీ, యాజమాన్యంలో సగానికి పైగా వాటా బయటివారికి ఇవ్వాలన్న నిబంధనను గడువులోగా నెరవేర్చలేక 2007లో గుర్తింపు పోగొట్టుకుంది. రాబోయే ధర మీద ఇవాళే ఒప్పందం రాసుకునే బేరాలైన ఇండెక్స్ ఫ్యూచర్స్ 2000 జూన్‌లో, ఆప్షన్స్ మరుసటి ఏడాది వచ్చాయి. ఆ తరవాత చార్టు ఫోనులోకి దిగింది.

తెలుగువారికి గుర్తుండే పరీక్ష సత్యం కంప్యూటర్స్. ఏళ్ల తరబడి ఖాతాల్లోనే అబద్ధం ఉంది కాబట్టి బ్యాలెన్స్ షీట్ చదివినవారు బోల్తాపడ్డారు. మరి చార్టు? 2008లో 500 రూపాయలు దాటిన షేరు ఏడాది చివరికి 200 కిందికి జారిందనీ, ధర ముందే చెప్పిందనీ చార్టు పక్షం వాదిస్తుంది. కానీ ఆ ఏడాది మార్కెట్ అంతా కూలింది, మంచి షేర్ల గీతలూ అలాగే జారాయి. 2009 జనవరి 7న ఖాతాల మోసాన్ని ఒప్పుకుంటూ చైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటపడ్డాక షేరు కొన్ని గంటల్లో సుమారు 179 రూపాయల నుంచి 40 దగ్గరికి పడుతుందని ఏ గీతా చెప్పలేదు.

2024లో సెబీ ఇచ్చిన లెక్క ఒకటుంది. 2021-22 నుంచి మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన కోటి మందికి పైగా వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం నష్టపోయారు. మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైమాటే. నేరమంతా చార్టులదేనని ఈ అంకె చెప్పదు. అవతల గెలిచిందెవరో మాత్రం చెబుతుంది. 2023-24లో విదేశీ సంస్థలకు వచ్చిన లాభాల్లో 97 శాతం, సొంత డబ్బుతో ఆడే సంస్థల లాభాల్లో 96 శాతం కంప్యూటర్ ప్రోగ్రాములు తెచ్చిపెట్టినవే.

2025 నాటి ఆ నిబంధన ప్రకారం మే ఒకటిన తరగతి తీసుకునే మాస్టారు జనవరి చివరిదాకా ఉన్న క్యాండిళ్లతోనే పాఠం చెప్పాలి. ఆయన వేలు పెట్టి చూపించే చోటు తరవాత ధర ఎటు పోయిందో వెనక బెంచీ కుర్రాడి ఫోనులో అప్పటికే ఉంటుంది.