క్రైస్తవ బడి: కొన్ని అపోహలు, వాస్తవాలు, ఒక చింతబరికె

చిత్తూరులో బయాలజీ చెప్పబట్టి నాకు ఇరవై రెండేళ్లు. మొదటి ఆరేళ్లు ఒక చిన్న ప్రొటెస్టెంట్ బడిలో, ఆ తర్వాత సిస్టర్లు నడిపే కాన్వెంటులో. మా ఇంట్లో శనివారం ఒక్కపొద్దు. బొట్టు పెట్టుకునే క్లాసుకు వెళ్తాను. దాంతో పెళ్లికి పోయినా, తిరుపతి బస్సెక్కినా ఎవరో ఒకరు పట్టుకుంటారు: "అవును మేడం, మీ స్కూల్లో పిల్లోళ్లకు ఏం నూరిపోస్తారు?" ఎన్నిసార్లని చెప్పేది? ఒకసారి రాసి పెడితే పోతుంది.

బీఈడీలో విద్యకు తాత్విక పునాదులని ఒక పేపరు ఉంటుంది. ప్రకృతివాదం అంటే రూసో, వ్యవహారికసత్తావాదం అంటే జాన్ డ్యూయీ. డీఎస్సీలో ఒక బిట్టు వస్తుందని బట్టీ పట్టాం, పరీక్ష అయ్యాక వదిలేశాం. హోంవర్కు చేయని పిల్లాడు ఎదురుగా నిలబడినప్పుడు తెలిసింది ఆ పేపరు దేని గురించో. మనిషి పిల్ల అంటే ఏమిటని లోపల నమ్ముతామో దాన్నిబట్టే చెయ్యి లేస్తుంది, లేకపోతే ఆగుతుంది.

అపోహ: వాళ్ల సిలబసే వేరు.

కాదు. బోర్డు ఇచ్చిన పుస్తకాలే, పదో తరగతిలో అందరికీ అవే 600 మార్కులు. కేథలిక్ పిల్లలు క్యాటకిజంకు, అంటే వాళ్ల మతపాఠానికి, ఒక గదిలోకి వెళ్తారు, మిగతావాళ్లు మోరల్ సైన్సుకు ఇంకో గదిలో కూర్చుంటారు. తేడా ఏమైనా ఉంటే ఆ పీరియడు బయటే చూడాలి.

అపోహ: పేరులో 'సెయింట్' ఉంటే చాలు, అన్నీ ఒకటే.

మన ఊళ్లలో 'సెయింట్' బోర్డు వెనక చర్చి ఉండాలని రూలేమీ లేదు. కరస్పాండెంటు గదిలో వెంకటేశ్వరస్వామి పటం, గేటు మీద సెయింటు పేరు ఉన్న బడులు నాకే మూడు తెలుసు. ఇంగ్లీషు మీడియానికి ఆ పేరు ఒక ట్రేడ్‌మార్కు అయిపోయింది.

నిజంగా సంఘాలు నడిపేవాటిలోనూ దారులు వేరు. మన జిల్లాలో పనిచేసిన ఆర్కాట్ మిషన్ 1853లో మొదలైంది. దాన్ని మొదలుపెట్టింది స్కడ్డర్ కుటుంబం. రాయవేలూరు సీఎంసీ ఆస్పత్రి పెట్టిన ఐడా స్కడ్డర్ ఆ ఇంటి ఆడబిడ్డే. వాళ్లది డచ్ మూలాల అమెరికన్ రిఫార్మ్‌డ్ చర్చి. తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం మూలాలు జర్మనీ హెర్మన్స్‌బర్గ్ మిషన్‌లో ఉన్నాయి. ప్రొటెస్టెంట్లకు అక్షరం అంటే ప్రాణం. దేవుడి మాట ఎవరికి వాళ్లే చదువుకోవాలని నమ్మినప్పుడు అందరికీ చదువు రాక తప్పదు కదా. మగపిల్లలకూ ఆడపిల్లలకూ బడులు పెట్టండని, ప్రొటెస్టెంట్ దారికి ఆద్యుడైన మార్టిన్ లూథర్ 1524లోనే జర్మన్ పట్టణ పెద్దలకు రాశాడు.

కేథలిక్కుల్లో విశ్వాసమూ తర్కమూ కలిసి నడవాలన్న మధ్యయుగపు వేదాంతి థామస్ అక్వినాస్ మాట బలంగా ఉంటుంది. అందులోనే బడులు నడిపే ఫాదర్ల సంఘాల్లో జెసూట్లు ఒకలా, సలేషియన్లు ఇంకోలా. జెసూట్లు 1599లోనే బడి ఎలా నడపాలో నియమావళి రాసుకున్నారు. చెప్పిన పాఠం గురించి పిల్లవాడు కాసేపు తనలో తాను ఆలోచించుకోవాలని వాళ్ల పట్టు.

అమెరికాలో పుట్టిన కొన్ని పద్ధతులు మరీ వేరు. 1970లో టెక్సాస్‌లో మొదలైన ఒక పద్ధతిలో పిల్లలు చెక్క అడ్డాల మధ్య ఒంటరిగా కూర్చుని చిన్న చిన్న పుస్తకాలు నింపుకుంటూ పోతారు. సత్యం మొత్తం పుస్తకంలో ముందే ఉందని నమ్మితే క్లాసులో చర్చకు చోటెక్కడ?

ఇక తెలుగులో మాట్లాడితే పది రూపాయలు ఫైన్ వేసే బడులు. దీన్ని "కాన్వెంటు పద్ధతి" అంటారు మనవాళ్లు. ఫ్రాన్స్‌లో పేద పిల్లలకు లాటిన్ పక్కనపెట్టి వాళ్ల ఫ్రెంచిలోనే చదవడం నేర్పించిన జాన్ బాప్టిస్ట్ డి లా సాల్ కేథలిక్ ఫాదరే. ఆ ఫైన్ ఏ వేదాంతంలోంచీ రాలేదు, అడ్మిషన్ల లెక్కలోంచి వచ్చింది.

అపోహ: పరిణామ సిద్ధాంతం చెప్పనివ్వరు.

ఇది నా సబ్జెక్టు కాబట్టి కాస్త ఎక్కువే చెప్తాను.

బఠానీ మొక్కల మీద ప్రయోగాలు చేసి 1866లో వ్యాసం అచ్చువేసిన మెండెల్ అగస్టీనియన్ మఠంలో సన్యాసి. విశ్వం విస్తరిస్తోందని 1927లో లెక్కగట్టిన జార్జ్ లెమైత్ర్ కేథలిక్ ఫాదర్. మనిషి శరీరం పరిణామంలో వచ్చిందా అన్నది పరిశోధించవచ్చని పోప్ 12వ పయస్ 1950లో ఒప్పుకున్నారు. ఆత్మను మాత్రం దేవుడే సృష్టించాడన్నారు. 1996లో రెండవ జాన్ పాల్ ఇంకో అడుగు వేసి, పరిణామం ఇప్పుడు వట్టి పరికల్పన స్థాయి దాటిందన్నారు. కాబట్టి మా ప్రిన్సిపాల్ సిస్టర్‌కు డార్విన్‌తో పేచీ లేదు. ఒకసారి నా పాఠం వెనక బెంచీలో కూర్చుని విని, "గెలపాగస్ పిచ్చుకల ముక్కులు బోర్డు మీద ఇంకొంచెం పెద్దగా గీయండి మేడం" అన్నారు, అంతే.

పాత బడిలో అలా లేదు. అక్కడ కరస్పాండెంటు అయ్యగారు ఆరు రోజుల సృష్టిని అక్షరాలా నమ్మేవారు. "పరీక్షకు కావాలి కాబట్టి చెప్పండమ్మా, కానీ ఇది కొందరి అభిప్రాయమని చెప్పండి" అన్నారు. నేను అలాగే చెప్పాను. ఉద్యోగం కొత్త, అద్దె ఇల్లు. ఒక అమ్మాయి లేచి "అభిప్రాయానికి నాలుగు మార్కులెందుకు మేడం?" అని అడిగింది. కూర్చోమన్నాను. ఆ పిల్లకు సమాధానం నేటికీ బాకీ.

ఇంకో సంగతి. కేంద్రం తరఫున పాఠ్యపుస్తకాలు వేసే ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సులో 'అనువంశికత, పరిణామం' అనే పాఠం ఉండేది. సిలబసు భారం తగ్గిస్తున్నామని 2023 ముద్రణలో పరిణామం తీసేసి అనువంశికత ఒక్కటే ఉంచారు. తీసింది ఏ ఫాదరూ కాదు.

అపోహ: స్ట్రిక్టుగా ఉంటారు, అదే వాళ్ల మతం నేర్పింది.

తల్లిదండ్రులు దీన్ని మెచ్చుకోలుగా అంటారు. "కాన్వెంట్లో వేస్తే దారికొస్తాడు" అని పిల్లాడి ముందే. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

ఒకే మతంలో రెండు నమ్మకాలు పక్కపక్కనే ఉన్నాయి. పిల్లవాడు దేవుడి పోలికలో పుట్టాడన్నది ఒకటి, పుట్టుకతోనే పాపం వైపు మొగ్గి ఉంటాడన్నది రెండోది. ఏది ముందు పెట్టుకుంటే ఆ బడి తయారవుతుంది. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీకి తల్లి సుసానా 1732లో ఒక ఉత్తరం రాసింది: పిల్లల పెంపకంలో మొట్టమొదట వాళ్ల మొండి ఇష్టాన్ని లొంగదీయాలని. ఇటలీలో సలేషియన్ల సంఘం పెట్టిన డాన్ బాస్కో (1815-1888) వీధిపిల్లలతో పనిచేస్తూ దీనికి ఎదురు దారి పట్టాడు. తప్పు జరిగాక కొట్టడం కంటే, తప్పు జరిగే సందు లేకుండా పెద్దలు పిల్లల మధ్యే తిరుగుతూ ఉండాలన్నాడు. ఆయన పద్ధతికి మూడు కాళ్లు: తర్కం, మతం, వాత్సల్యం. మా దగ్గర ఇంటర్వెల్లో సిస్టర్ గ్రౌండులోనే ఎందుకుంటారని కొత్త టీచర్లు విసుక్కుంటారు. నిఘా అనుకుంటారు పాపం.

జన్మపాపం సిద్ధాంతానికి రూపం ఇచ్చిన అగస్టీనే, చిన్నప్పుడు బడిలో దెబ్బలు తప్పించమని దేవుణ్ని ఎంత వేడుకున్నాడో, పెద్దవాళ్లు దానికి ఎలా నవ్వారో పెద్దయ్యాక రాసుకున్నాడు. పదహారు వందల ఏళ్లు దాటినా ఆ వాతలు మానలేదు.

పాత బడి స్టాఫ్‌రూములో బీరువా పైన చింతబరికె ఉండేది. దానికి పైన గోడ మీద బైబిల్ సామెతల గ్రంథం వాక్యం: "బెత్తము వాడనివాడు తన కుమారునికి విరోధి." చాలా ఏళ్ల తర్వాత, కాన్వెంటులో జూన్ నెల ఓరియెంటేషన్‌కు వచ్చిన ఒక ఫాదర్ ఇదే వాక్యం ఎత్తి, దాని పక్కన ఇరవై మూడో కీర్తన పెట్టారు: "నీ దుడ్డుకఱ్ఱయు నీ దండమును నన్ను ఆదరించును." కొట్టే కర్ర ఎవరిని ఆదరిస్తుంది? "పలమనేరు రోడ్డులో గొర్రెల్ని చూడలేదా మీరు?" అన్నారు. నిజమే, చూశాం. కాపరి చేతిలో పొడవాటి కర్ర, చివర కొక్కెం. దాంతో తుమ్మకొమ్మ వంచి ఆకు అందిస్తాడు, రోడ్డు మీదికి పోయేదాన్ని అడ్డుపెట్టి మళ్లిస్తాడు. వాక్యం అదే, కర్ర అదే. చదివే మనిషి వేరు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. విద్యాహక్కు చట్టం 2009, 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. మైనారిటీ బడులకు ఆ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. అది బరికెకు లైసెన్సు అనుకున్నవాళ్లు కొందరున్నారు. పిల్లల మీద క్రూరత్వానికి వేరే చట్టాలున్నాయి, ఒళ్లు దగ్గర పెట్టుకోవడం మంచిది.

అపోహ: ప్రేయర్ పెట్టేది మతం మార్చడానికే.

సర్కారు బడిలో కూడా పొద్దున అసెంబ్లీని మనం 'ప్రేయర్' అనే అంటాం, అది వేరే విషయం. రాజ్యాంగం 30వ అధికరణ మైనారిటీలకు బడులు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. 28(3) రెండో వైపు కాపలా కాస్తుంది: ప్రభుత్వ గుర్తింపు గానీ నిధులు గానీ ఉన్న బడిలో, తల్లిదండ్రుల సమ్మతి లేకుండా ఏ పిల్లనీ మతబోధకూ ఆరాధనకూ రమ్మని బలవంతపెట్టకూడదు. జనగణమన పాడకుండా గౌరవంగా నిలబడిన ముగ్గురు క్రైస్తవ పిల్లల్ని కేరళలో బడి నుంచి తీసేస్తే, 1986లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన నిలిచింది. మైనారిటీ పిల్లల మనస్సాక్షికి దొరికిన ఆ మర్యాద మన బడిలో చేరిన హిందూ పిల్లలకూ దొరకాలి.

దొరుకుతుందా? అన్నిచోట్లా కాదు. పాత బడిలో నా క్లాసు పిల్లాడొకడు అయ్యప్ప మాల వేసుకుని నల్లబట్టల్లో, చెప్పుల్లేకుండా వచ్చాడు. గేటు బయట నిలబెట్టారు. క్లాసు టీచర్ని నేనే. కిటికీలోంచి చూస్తూ రిజిస్టర్లో ఆబ్సెంట్ వేశాను. మా అన్న కూడా ఏటా మాల వేసేవాడే.

కాన్వెంటులో మొదటి ఏడాది నవంబరులో ఇలాగే ఇంకొకడు వచ్చాడు. నాకు గుండె దడ. సిస్టర్ వరండాలో ఎదురై, నాన్నతో లెటరు రాయించి తెమ్మన్నారు, 41 రోజులూ యూనిఫాం మినహాయింపు ఇచ్చారు. మర్నాడు వాడి క్లాసుకు వచ్చి, "ఏం స్వామీ, హోంవర్కు ఏదీ?" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. ఆ స్వామి హోంవర్కు చేయలేదు.

అపోహ: మిగతా బడులకు ఈ నమ్మకాల గొడవ లేదు.

మన ప్రాంతం వాళ్లే ఈ మాట అంటే ఎలా? అనీ బిసెంట్ 1915లో పెట్టిన థియొసాఫికల్ కాలేజీ మదనపల్లెలో ఉంది. ఆ ఊళ్లోనే పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి భయం, పోలిక లేని చదువు కావాలన్నాడు, దగ్గర్లోనే ఆయన పెట్టిన బడి రిషివ్యాలీ ఉంది. తిరుపతిలో టీటీడీ బడులు ఎటూ ఉన్నాయి. ఇక ఫ్లెక్సీల మీద ర్యాంకుల ఫొటోలు వేసే కార్పొరేట్ బడికి ఫిలాసఫీ లేదంటారా? ఉంది. ముందు వరసలోవాడే మనిషి అన్నది దాని సిద్ధాంతం.

దానికి ఎదురుగా మా సిస్టర్లు తప్పిపోయిన గొర్రె కథ చెప్తారు, తొంభై తొమ్మిదింటిని వదిలి ఒక్కదాని కోసం పోవడం. వినడానికి బాగుంటుంది. నా క్లాసులో 48 మంది. వెనకబడిన ముగ్గురి కోసం వారం రోజులు పాఠం ఆపితే, పేరెంట్స్ మీటింగులో ఒక నాన్న లేచి అడిగాడు: "మిగతా నలభై ఐదు మందీ ఫీజు కట్టినోళ్లే కదా మేడం?" ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. ఇప్పుడు గురువారాలు నాలుగున్నర తర్వాత ఆ ముగ్గుర్నీ కూర్చోబెట్టుకుంటున్నాను. ఒకడిది యాదమరి బస్సు, నాలుగూ నలభైకి వెళ్లిపోతుంది. వాడికి పది నిమిషాలే.